ఎంత దూరం నుంచి తీశారు?

తెలుగు రాష్ట్రాల్లో ప్రకృతి, వన్యప్రాణి ఫొటోల పోటీలు నిర్వహిస్తున్న క్లబ్బుల కార్యవర్గాలకు, ఆ పోటీల న్యాయనిర్ణేతలకు బహిరంగ లేఖ



మీ పోటీ ప్రకటన వాట్సాప్‌లో కనబడగానే ఔత్సాహికుల ఇళ్లలో హడావుడి మొదలవుతుంది. ఆదివారం నేలపట్టుకు ఎవరెవరు వస్తున్నారు, కారు ఎవరిది, తెల్లవారుజామున ఎన్నింటికి బయల్దేరాలి అన్న మాటలకన్నా ముందు ఒక మాట వస్తుంది: ఏ లెన్సు కొనాలి? ఈ ఉత్తరం ఆ కొనుగోలు గురించి, దాని వెనకాలే వచ్చే ప్రమాదాల గురించి. ట్రైపాడ్ తిరగబడి కెమెరా చెరువులో పడింది, లెన్సులో ఫంగస్ పట్టింది, జలపాతం దగ్గర కాలు జారింది, గూటిమీది పిట్ట లేచిపోయి మళ్లీ రాలేదు. వీటిని మనం వేటికవి విడిగా, ఎవరి దురదృష్టం వాళ్లదన్నట్టు చెప్పుకుంటాం. నేను అలా అనుకోవడం లేదు. వీటిలో చాలావాటికి మూలం ఒక్కటే: వెళ్లబోయే చోటును చూసుకోకుండా, రావలసిన బొమ్మను చూసుకుని సామాను ఎంచుకోవడం. ఆ బొమ్మ ఎలా ఉండాలో ఎవరు నేర్పుతున్నారు? బహుమతుల జాబితా నేర్పుతోంది. ఆ జాబితా మీ చేతుల్లో తయారవుతుంది కాబట్టే ఈ ఉత్తరం కెమెరా కంపెనీలకో దుకాణదారులకో రాయకుండా మీకు రాస్తున్నాను.

బహుమతి పొందిన పక్షుల ఫొటోలను వరసగా పేర్చి చూడండి. ఫ్రేమంతా పిట్టే. వెనకాల ఆకుపచ్చగానో గోధుమరంగుగానో కరిగిపోయిన తెర. కంట్లో మెరుపు, ఈకల గీతలు లెక్కపెట్టేంత స్పష్టత. అందమైన ఫొటోలే, కాదనను. కానీ కొత్తగా కెమెరా పట్టినవాడు వాటినుంచి తీసుకునే పాఠం ఒకటే: 500 మి.మీ., 600 మి.మీ. లెన్సు లేకపోతే మనకు చోటు లేదు. లక్ష రూపాయలకు అటూ ఇటూ పెట్టి, చాలామంది ఈఎంఐ మీద, జూమ్ లెన్సు కొంటారు. ఆ తరవాత ఇక డబ్బు మిగలదు. కాళ్లకు పట్టున్న బూట్లు, తలకు కట్టుకునే టార్చి, లెన్సుకు వానతొడుగు, గట్టి ట్రైపాడ్, తేమ పట్టని డబ్బా, ఇవన్నీ 'తరవాత చూద్దాం' పద్దులోకి పోతాయి. బహిరంగ ప్రదేశంలో ఫొటో తీసేవాణ్ని, అతని సామానును, అతని ముందున్న ప్రాణిని కాపాడేవి సరిగ్గా ఆ పద్దులో పడిపోయినవే.

బరువు సంగతి మొదట చూద్దాం. ఔత్సాహికులు ఎక్కువగా వాడిన నికాన్ 200–500 మి.మీ. లెన్సు, పట్టీతో కలిపి 2.3 కిలోలు. సిగ్మా, టామ్రాన్ కంపెనీల 150–600 మి.మీ. లెన్సులు దాదాపు 2 కిలోలు. వాటి పక్కన కానన్ ఆర్ఎఫ్ 100–400 మి.మీ. లెన్సు 635 గ్రాములు. ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. చెరువుకట్ట మీద అరగంట నిలబడితే తెలుస్తుంది. రెండు కిలోలకు పైబడిన లెన్సును ముందుకు చాచి పట్టుకున్న ఎడమచెయ్యి కొద్దిసేపటికే వణుకుతుంది. ఆ వణుకును ఆపడానికి చెట్టుకు ఆనుకుంటాం, తడి గట్టు అంచున కూర్చుంటాం, కళ్లు వ్యూఫైండర్‌లో ఉంచి కాళ్లతో తడుముకుంటూ ముందుకు కదులుతాం. పడేది అప్పుడే. బరువైన లెన్సును దాని పట్టీతో కాకుండా కెమెరా బాడీతో ట్రైపాడ్‌కు బిగించి, ఆ భారమంతా బాడీకీ లెన్సుకూ మధ్యనున్న ఉంగరం మీద వేస్తున్నవాళ్లూ ఉన్నారు. ట్రైపాడ్ తలకు పట్టే చిన్న ప్లేటు స్క్రూ కాస్త వదులైతే చాలు, మొత్తం సరంజామా జారిపోతుంది. బయల్దేరే ముందు ఒక రూపాయి బిళ్లతో ఆ స్క్రూ బిగించుకోమని చెప్పేవాళ్లు కావాలి.

ట్రైపాడ్ కూడా అలాగే. లెన్సు ఖరీదులో పదోవంతు కూడా పెట్టకుండా కొన్న పల్చటి ట్రైపాడ్, మధ్య కడ్డీని పూర్తిగా పైకి లేపితే ఒంటికాలి మీద నిలబడ్డట్టే. పులికాట్ ఒడ్డున సముద్రపు గాలికి అది ఆగదు. కొల్లేరు నల్లమట్టిలో ఒక కాలు నెమ్మదిగా దిగిపోతుంది, పైనున్న మనకు తెలియదు. కాళ్లు వెడల్పుగా చాచి, మధ్య కడ్డీ దించి, వాలున్నచోట ఒక కాలును కిందివైపుకు పెట్టి, సంచీని నడిమికి వేలాడదీస్తే చాలావరకు గట్టెక్కుతాం. దానికన్నా చవకైన మార్గం ఇంకొకటుంది. పాత జీన్స్ ప్యాంటు కాలు ఒక మూర కత్తిరించి, ఒకవైపు కుట్టి, రెండోవైపు జిప్పు పెట్టించి, వెళ్లిన ఊళ్లో రెండు కిలోల బియ్యమో జొన్నలో కొని నింపితే అదే బీన్‌బ్యాగ్. కారు అద్దం దించి అంచుమీద వేసుకోవచ్చు, చెరువుగట్టున నేలమీద పెట్టుకుని పడుకుని తీయవచ్చు. పడిపోవడానికి దానికి ఎత్తే లేదు. తిరిగొచ్చేటప్పుడు బియ్యం వంటకు పనికొస్తాయి. ఇంత మంచి పరికరం ఏ పోటీ కరపత్రంలోనూ కనబడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దర్జీకిచ్చే ముప్పై నలభై రూపాయలతో ఒక విద్యార్థి కెమెరా దక్కుతుంది.

పొడవాటి లెన్సు చేస్తుందనుకునే పని కూడా అన్నిచోట్లా చేయదు. పొద్దెక్కాక పులికాట్ ఉప్పునేలల మీద, రోళ్లపాడు గడ్డిమైదానాల్లో నేల వేడెక్కి గాలి పొరలు పొరలుగా కదులుతుంది. ఎండమావులు పుట్టించే వేడిగాలి అదే. దూరంగా ఉన్న ఫ్లెమింగోల గుంపును ఆ గాలిలోంచి 600 మి.మీ. లెన్సుతో తీస్తే కాళ్లు అలల్లా వంకర్లు తిరుగుతాయి. లెన్సు పెద్దదయ్యేకొద్దీ పిట్టతోపాటు ఆ వంకరా పెద్దదవుతుంది. ఎంత ఖరీదైన గాజూ దాన్ని సరిచేయలేదు. సరిచేసేది పొద్దున ఆరున్నరకు అక్కడ ఉండటం, తొమ్మిదింటికల్లా కెమెరా లోపల పెట్టేసి బైనాక్యులర్ తీయడం. ఈ విషయం తెలియనివాడు ఫొటో మసకగా వచ్చిందని లెన్సును తిట్టుకుంటాడు, లేదా ఇంకా పెద్దది కొంటాడు, లేదా గుంపువైపు నడవడం మొదలుపెడతాడు. మూడోది అన్నిటికన్నా చెడ్డది. ఫ్లెమింగోలు బురదనీటిలో తల తలకిందులుగా పెట్టి గంటల తరబడి వడకట్టుకుని తినాలి. వాటిని లేపిన ప్రతిసారీ అవి తిండి మానుకుని ఎగరాలి. ఎగిరే గుంపు ఫొటోకు మీ దగ్గర మార్కులు ఎక్కువ వస్తాయని తెలిసినవాడు వాటిని లేపకుండా ఉండటం కష్టం.

తేమ గురించి మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. విదేశీ వీడియోల్లో నేర్చుకున్న జాగ్రత్తలు కోస్తాకు సరిపోవు. వానాకాలంలో కాకినాడలోనో బాపట్లలోనో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలు. 60 శాతం పైన నిలకడగా ఉంటే లెన్సు లోపల ఫంగస్ మొలకెత్తడానికి అది చాలు. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. చీకటి, తేమ, కదలని గాలి ఉంటే గాజుమీద సాలెగూడులాంటి పోగులు పరుచుకుంటాయి. అది విడిచే ఆమ్లం గాజుమీది పూతను తినేస్తుంది, ఆ మచ్చ ఎంత తుడిచినా పోదు. తోలు సంచీలో చుట్టి బీరువాలో దాచిన లెన్సుకే ఇది ముందు పడుతుంది. అంటే ప్రాణప్రదంగా దాచుకున్నవాడికే నష్టం ఎక్కువ. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు, ఇవన్నీ కలిపి కొన్ని వందల రూపాయల్లో అయిపోతాయి. తేమ 40–50 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి, రంగు మారిన జెల్‌ను వేడిచేసి ఆరబెట్టాలి, అంతే. ఇంకొకటి, కోరింగ మడ అడవులకు వెళ్లేవాళ్లు రాత్రంతా హోటల్ గదిలో ఏసీ వేసుకుని, తెల్లారగానే కెమెరా బయటికి తీసి, ముందు గాజంతా మంచు పట్టిందని గుడ్డతో రుద్దుతారు. చల్లబడ్డ గాజుమీద బయటి తేమ నీరై పేరుకోవడమది. కెమెరాను బిగించిన ప్లాస్టిక్ కవర్లోనే ఉంచి, బయటి వేడికి అలవాటు పడేదాకా అరగంట ఆగితే ఆ తడి కవరు మీద పడుతుంది, గాజు పొడిగా ఉంటుంది. లెన్సు విప్పి మార్చే పని కూడా ఆ అరగంటలో చేయకూడదు, తడి సెన్సర్ దాకా పోతుంది.

మనుషులకు జరిగే ప్రమాదాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ప్రతి వానాకాలంలో పత్రికలు చెబుతూనే ఉన్నాయి. వంజంగిలో మేఘాల మీద సూర్యోదయం కోసం చీకట్లోనే కొండెక్కుతున్నారు. లంబసింగిలో చలికాలపు పొగమంచులో రోడ్డు అంచున ట్రైపాడ్ వేస్తున్నారు. అక్కడ కావలసింది తలకు కట్టుకునే టార్చి, మెరిసే పట్టీ ఉన్న కోటు, రెండు చేతులూ ఖాళీగా ఉంచే వీపుసంచి. జలపాతాల దగ్గర నాచు పట్టిన బండమీద రబ్బరు చెప్పులతో నిలబడి, ట్రైపాడ్ కాలును నీళ్లలో పెట్టి, నీళ్లు పాలలా రావాలని సెకన్ల తరబడి షట్టర్ తెరిచి ఉంచుతున్నారు. పైన కురిసిన వానకు కింద నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో ఆ కొన్ని సెకన్లలో ఎవరూ గమనించరు. అనుభవం ఉన్నవాళ్లకు ఇలాంటివి జరగవని అనుకోవద్దు. బ్రిటన్‌లో పక్షుల ఫొటోగ్రఫీకి పెద్దపేరు తెచ్చిన ఎరిక్ హాస్కింగ్ 1937లో వేల్స్‌లో గుడ్లగూబల గూటి దగ్గరికి చీకట్లో వెళ్లినప్పుడు ఒక గుడ్లగూబ ముఖంమీదికి దూకింది. ఎడమకన్ను పోయింది. ఆ తరవాత కూడా ఆయన దశాబ్దాలపాటు పక్షుల ఫొటోలు తీశాడు, 1970లో వచ్చిన తన ఆత్మకథ పేరులోనే ఆ కన్నును గుర్తుపెట్టుకున్నాడు. గుడ్లగూబ చేసింది తన పిల్లల్ని కాపాడుకోవడం. ఆ సంఘటనలో తప్పు దూరానిది.

ఇక పిట్టల వైపునుంచి చూద్దాం. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే దెబ్బతిన్నవాళ్లు వచ్చి ఫిర్యాదు చేయలేని చోటిది. తీతువునే తీసుకోండి. ఊరిబయట బీళ్లలో, ఎండిన చెరువు పక్కన కనబడే సాధారణమైన పిట్ట. మార్చి నుంచి ఆగస్టు దాకా గుడ్లు పెడుతుంది. గూడంటే గూడు కూడా కాదు, నేలమీద చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు, నడిమిన రాళ్లలాగే మచ్చలున్న మూడు నాలుగు గుడ్లు. మే నెల ఎండలో ఆ పిట్ట పొదగడంకన్నా ఎక్కువగా చేసే పని గుడ్లకు నీడ పట్టడం. అప్పుడప్పుడు నీటిదాకా వెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. ఫొటోగ్రాఫరు పది అడుగుల్లో కూర్చుంటే తల్లి పైన తిరుగుతూ అరుస్తూ ఉంటుంది. ఆ అరుపూ, కోపంగా దూకే ఆ భంగిమా ఫొటోకు బాగుంటాయి. కింద గుడ్లు ఎండకు ఉడుకుతుంటాయి. అది చూసి కాకి వస్తుంది, మనం వెళ్లాక ముంగిసా రావచ్చు. చెట్టుమీద గూళ్లకైతే అడ్డంగా ఉన్న రెమ్మలు తుంచి 'క్లియర్' చేయడం ఒక అలవాటుగా మారింది. ఆ రెమ్మలే పిల్లలకు గొడుగు, ఆ రెమ్మలే డేగకు అడ్డం. వీటికి తోడు, వెయ్యి రూపాయల బ్లూటూత్ స్పీకరు ఇప్పుడు లెన్సుకన్నా ఎక్కువ హాని చేస్తోంది. మగపిట్ట కూత వేసి వినిపిస్తే, తన జాగాలోకి ఎవరో వచ్చారని అసలు పిట్ట తిండి, గూడు వదిలేసి పోట్లాటకు వస్తుంది. ఫొటో వస్తుంది. ఆ రోజు దానికి పోయిన తిండి లెక్కలోకి రాదు.

ఇదంతా మర్యాదకు సంబంధించిన విషయమే కాదు, చట్టానికి సంబంధించింది కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లకు గానీ గూళ్లకు గానీ అలజడి కలిగించడం చేరి ఉన్నాయి. తుపాకీ పట్టినవాడికీ, గూటి రెమ్మలు తుంచినవాడికీ ఆ చట్టం ఒకే మాట వాడుతోంది. అభయారణ్యంలోకి ఫొటోగ్రఫీ కోసం అనుమతి ఇచ్చే 28వ సెక్షన్‌ను 2022లో సవరించినప్పుడు, ఆవాసాన్ని మార్చకుండా, ఆవాసానికీ ప్రాణులకూ చెరుపు జరగకుండా ఉండాలన్న షరతు కూడా చేర్చారు. మీ పోటీకి వచ్చే ఫొటోలు ఈ గీతకు ఏ పక్కన నిలబడి తీసినవో అడిగే హక్కు మీకుంది, అడగవలసిన బాధ్యత కూడా ఉందని నా అభిప్రాయం.

మీలో కొందరు వెంటనే ఒక ప్రశ్న అడుగుతారు. పొడవాటి లెన్సు ఉంటేనే కదా దూరంగా ఉండి తీయగలం, అది వద్దంటే జనం ఇంకా దగ్గరికి పోరా? సబబైన ప్రశ్న. పెద్ద లెన్సును నేను వద్దనడం లేదు. ఫ్రేమ్ నిండా పిట్ట ఉండాలన్న కొలతను వదిలేస్తే చిన్న లెన్సుతోనూ దూరంగా ఉండవచ్చంటున్నాను. లెక్క చూద్దాం. తీతువు ముక్కునుంచి తోకదాకా సుమారు 35 సెం.మీ. ఉంటుంది. 24 మెగాపిక్సెళ్ల మామూలు ఏపీఎస్-సీ కెమెరాకు 300 మి.మీ. లెన్సు పెట్టి 20 మీటర్ల దూరంనుంచి తీస్తే, సెన్సర్ మీద ఆ పిట్ట బొమ్మ సుమారు 5 మి.మీ. పొడవు పడుతుంది. వెడల్పులో అయిదోవంతు పైన. పిక్సెళ్లలో చెప్పాలంటే 1,300 పైచిలుకు. నాణ్యమైన అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు లెక్కేసుకున్నా నాలుగున్నర అంగుళాల పిట్ట కాగితం మీదికి వస్తుంది. పత్రికకు చాలు, ఫోను తెరకు మించిపోతుంది. అదే 20 మీటర్ల దగ్గర 600 మి.మీ. లెన్సుతో తీస్తే పిట్ట రెండింతలవుతుంది, దాని చుట్టూ ఉన్న నేల, గులకరాళ్లు, అవతల గడ్డి పోతాయి. 300 మి.మీ. లెన్సుతో ఆ రెండింతలు రావాలంటే మాత్రం 10 మీటర్లకు పోవాలి. కాబట్టి దగ్గరికి తరుముతున్నది చేతిలో ఉన్న చిన్న లెన్సు కాదు, మార్కులు వేసే కొలత. ఆ కొలత మారనంతకాలం 600 మి.మీ. ఉన్నవాడు కూడా చిన్నపిట్ట కోసం అడుగులు ముందుకే వేస్తాడు. వేస్తూనే ఉన్నాడు కూడా.

రెండో అభ్యంతరం న్యాయనిర్ణేతలది. మా ముందుకు వచ్చేది బొమ్మ, దాన్ని బట్టే తీర్పు, తెరవెనక సంగతి మాకెలా తెలుస్తుంది అంటారు. తెలుసుకోవచ్చు, తెలుసుకున్న దాఖలాలు ఉన్నాయి. లండన్‌లో జరిగే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009లో మొదటి బహుమతి పొందిన తోడేలు ఫొటోను, అది మచ్చిక చేసిన తోడేలు అయివుండవచ్చన్న కారణంతో మరుసటి సంవత్సరం రద్దుచేశారు. 2017లో ఒక విభాగంలో గెలిచిన చీమలు తినే జంతువు ఫొటోలో ఉన్నది చర్మంలో గడ్డి కూరి నిలబెట్టిన చచ్చిన జంతువేనని నిపుణులు దాదాపుగా తేల్చాక దాన్నీ 2018లో తీసేశారు. ప్రపంచంలో అంత పేరున్న పోటీ తన బహుమతిని తానే వెనక్కి తీసుకుంటే దాని గౌరవం తగ్గలేదు. మనకు అంత పరిశోధన అవసరం కూడా లేదు. క్రాప్ చేయని అసలు ఫైలు అడగండి. అందులో ఫోకల్ లెంగ్త్ నమోదై ఉంటుంది. పిట్ట పొడవు పక్షుల పుస్తకంలో దొరుకుతుంది. ఫ్రేమ్‌లో అది ఎంతమేర ఉందో కొలిస్తే, పైన చేసిన లెక్కనే తిరగేసి దూరం కట్టవచ్చు. స్కూలు పిల్లవాడు చేయగలిగిన లెక్క. గుడ్లమీది తీతువును ఎనిమిది అడుగులనుంచి తీసి అరవై అడుగులని రాసినవాడు అక్కడే దొరికిపోతాడు.

మూడో అభ్యంతరం నాకు అన్నిటికన్నా గట్టిగా తగులుతుంది. డబ్బున్నవాళ్లు పెద్ద లెన్సులతో తీసుకుంటూ ఉంటే, లేనివాళ్లకు చిన్నదాంతో సరిపెట్టుకోమని చెప్పడం అన్యాయం కాదా? అన్యాయమే, కొలత పాతదే ఉంటే. వేరే కొలతతో పనిచేసినవారికి ఒక ఉదాహరణ, మద్రాసులో బతికిన వన్యప్రాణి ఫొటోగ్రాఫరు ఎం. కృష్ణన్. 1912లో పుట్టి 1996లో పోయారు. దక్షిణ భారత అడవుల్లో ఏనుగుల మీద, కాలినడకన తిరిగి నలుపుతెలుపుల్లో ఫొటోలు తీశారు. ఆయన కెమెరా ఒక కంపెనీ బాడీ, మరో కంపెనీ లెన్సు, స్వయంగా అతికించుకున్న భాగాల కలగూరగంప. దానికి ఆయన సూపర్ పాండెరోసా అని పేరుపెట్టుకున్నారు. ఆయన ఫొటోల్లో జంతువు ఎంత కనబడుతుందో అది నిలబడిన చోటూ అంత కనబడుతుంది. ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చిన్న సామాను ఉన్నవాడు అలాంటి ఫొటో తీయగలడు, దానికి బహుమతి వస్తుందని తెలిస్తే. దానితోపాటు క్లబ్బు చేయవలసిన పని ఒకటుంది. యాభైమంది సభ్యులు యాభై లెన్సులు అప్పుచేసి కొనేకన్నా, క్లబ్బు ఉమ్మడిగా రెండు పెద్ద లెన్సులు, గట్టి ట్రైపాడ్, వానతొడుగులు, ఒక డ్రై క్యాబినెట్ కొని వంతులవారీగా ఇవ్వవచ్చు. పల్లెల్లో నూర్పిడి యంత్రాన్ని, ట్రాక్టరును ఉమ్మడిగా వాడుకునే అలవాటు మనకు కొత్తది కాదు. లెన్సు ఇచ్చేటప్పుడే దాన్ని ఎలా మోయాలో, ఎలా బిగించాలో, ఎలా ఆరబెట్టాలో చేతికి చూపించి ఇస్తారు. దుకాణంలో అది జరగదు.

ఒక విషయంలో నేను కఠినంగా ఉండలేను. గూళ్ల ఫొటోలన్నిటినీ నిషేధించండి అని కొన్నిచోట్ల చేస్తున్నట్టు అడగడం తేలిక. మన నేలమీద అది పూర్తిగా పొసగదు. వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్లమధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుల్లో గూడబాతులు, కొంగలు ఊరివాళ్లు రోజూ నడిచే దారికి కనబడేంత దూరంలో పిల్లల్ని లేపుతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ అంతే. అక్కడి పక్షులు మనుషుల చప్పుడుకు అలవాటుపడ్డాయి, ఊరివాళ్లు వాటికి కాపలా. దారిమీద నిలబడి 200 మి.మీ. లెన్సుతో తీసిన గూటి ఫొటో ఎవరికీ చెరుపు చేయదు, పైగా ఆ ఊళ్ల గొప్పతనాన్ని చూపిస్తుంది. నేలమీది గూళ్లు, ఒంటరిగా కట్టుకునే పిట్టల గూళ్లు, గోదావరి, కృష్ణ ఇసుకతిన్నెల మీద గుడ్లుపెట్టే టెర్న్ పిట్టలు, వీటి సంగతి వేరు. తిన్నెమీద నడిచినవాడు ఇసుకరంగు గుడ్డును చూడకుండానే తొక్కుతాడు. రోళ్లపాడు గడ్డిలో ఒకప్పుడు బట్టమేక పిట్ట ఒకే ఒక్క గుడ్డు నేలమీద పెట్టి పొదిగేది. అలాంటి పిట్టకు ఒక గుడ్డు పోతే ఆ ఏడాది సంతానమంతా పోయినట్టే. కాబట్టి నిషేధం పెట్టేచోట నేలగూళ్లని, తిన్నెలని, స్పీకరుతో పిలిచి తీసినవని పేరుపెట్టి రాయండి. పేరుపెట్టని నియమాన్ని ఎవరూ పాటించరు.

నేను అడిగేవి మీ అధికారంలో ఉన్నవే. 300 మి.మీ. దాకా లెన్సుతో, చోటు కనబడేలా తీసిన ఫొటోలకు వేరే విభాగం పెట్టి మొదటి బహుమతిని మిగతావాటితో సమానం చేయండి. సీజను ముందు ఒక ఆదివారం కొత్తవాళ్లను చెరువుగట్టుకు తీసుకెళ్లి ట్రైపాడ్ వేయడం, బీన్‌బ్యాగ్ వాడటం, పిట్ట మెడ నిక్కించగానే ఆగిపోవడం నేర్పండి. పిట్ట మెడ నిక్కించిందంటే తినడం ఆపింది, ఎగరబోతోంది. ఆ క్షణాన వేయని అడుగే మొదటి పాఠం కావాలి, షట్టర్ వేగం రెండోది కావచ్చు. న్యాయనిర్ణేతల బల్ల దగ్గర ఒక్కసారైనా పక్షులు తెలిసిన మనిషిని కూర్చోబెట్టండి. భయపడిన రెక్కల్నీ ఆడుకునే రెక్కల్నీ వేరుచేసి చెప్పగలిగేది ఆ మనిషే.

నేలపట్టులో గూడబాతులు దిగేది వానలు పడ్డాక, అక్టోబరు నుంచి. మీ దరఖాస్తు ఫారం అంతకుముందే అచ్చుకు వెళ్తుంది. పేరు, ఊరు, కెమెరా మోడల్ అన్న గడుల కింద ఇంకో మూడు గడులు వేయించండి: ఎంత దూరం నుంచి తీశారు, అప్పుడు ఆ పిట్ట ఏం చేస్తోంది, మీరు వెనుదిరిగి వచ్చేటప్పుడు అది ఎక్కడుంది.

ఇట్లు,
మీ ప్రదర్శనలకు వచ్చే ఒక ప్రేక్షకుడు